తాడుకు ఇవతల

ఏప్రిల్ ఆఖరి శనివారం వచ్చిందంటే అప్పెన్‌జెల్ మగవాళ్లకు కత్తులు గుర్తొస్తాయి. ఏడాది పొడుగునా అటక మీదో, బీరువా వెనకో, కొందరి ఇళ్లలో బంగాళాదుంపల గది తలుపుకు అడ్డంగానో పడి ఉన్న కత్తి, మర్నాడు ఊరి చదరంలో చేతులెత్తి ఓటేసే సభ అనగానే ప్రాణం కన్నా ముఖ్యమైపోతుంది. నడుమున కత్తి ఉన్నవాడే ఓటరు. వేరే కార్డూ లేదు, చీటీ లేదు. తాత కత్తి తండ్రికి, తండ్రి కత్తి కొడుక్కి. కూతుళ్లే పుట్టిన ఇంట్లో అది తుప్పు పట్టాల్సిందే.

ఊళ్లో కత్తుల తుప్పు వదిలించడం ఒటిలియా హౌట్లె పని. అంగడి మీద బోర్డు మామగారి పేరుతోనే ఉంది. ఆవుల గంటలకు పట్టీలు, గుర్రాలకు జీన్లు భర్త ఎమిల్ చూసుకుంటాడు. ఒరలు కుట్టడం, ఒర కొసన ఇత్తడి తొడుగు బిగించడం పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఒటిలియాకే వదిలేశారు. ఆరెతో తోలుకు బెజ్జం వేసి, మైనం పట్టించిన దారాన్ని రెండు వైపుల నుంచీ ఒకేసారి లాగి బిగిస్తుంది. ఆమె కుట్టిన ఒర ఊడిందని ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు. మర్నాడు చదరంలో తాడు కట్టిన బరిలో వేల మంది మగవాళ్లు నిలబడితే అందులో సగం మంది నడుముల మీద ఆమె కుట్లే ఉంటాయి. ఆమె మాత్రం తాడుకు ఇవతల నిలబడి చూడాలి.

ఇది 1990 నాటి మాట. స్విట్జర్లాండ్‌లో మిగిలిన కాంటన్లన్నీ, అంటే రాష్ట్రాలన్నీ, ఆడవాళ్లకు ఓటు ఇచ్చేశాయి. కొండ అవతల మన పక్కింటి లాంటి అవుసర్‌రోడెన్ కూడా కిందటి ఏడు గొణుక్కుంటూ ఇచ్చింది. అప్పెన్‌జెల్ ఊరున్న మన ఇన్నర్‌రోడెన్ ఒక్కటే మిగిలింది. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ వద్దన్నారు. రేపు మూడోసారి.

ఎమిల్ పెద్దమ్మ కొడుకు ఆల్బెర్ట్ బ్రోగర్, మాంసం కొట్టు ఆసామి, కత్తి తీసుకుపోవడానికి వచ్చి బల్ల మీదకి వంగాడు. ఒరలోంచి కత్తి సగం దూసి వెలుతురులో చూసుకున్నాడు.

"వదినా, నీ చేతి పని మెచ్చుకోవాలి. ఇంత బాగా మెరిపించావు కాబట్టి రేపు నీ తరఫున కూడా నేనే ఎత్తుతాలే చెయ్యి."

"ఏ వైపు?"

"అది మాత్రం నన్ను అడక్కు," అని పకపకా నవ్వాడు.

బెంచీ మీద బెర్నదెట్ సిగ్నర్ కూర్చుని ఉంది. బడిలో టీచరు. సంచీ పట్టీ కుట్టించుకోవడానికి వచ్చి, కుట్టడం అయిపోయినా కదలలేదు. మూడో ప్రయత్నానికి ఊరంతా తిరిగి మాట్లాడిన మనిషి ఆమే. బ్రోగర్ ఆమెను చూసి, సమాఖ్య రాజ్యాంగమే కాంటన్ ఓటు సంగతి కాంటన్‌కు వదిలేసిందని, టీచరమ్మకు తెలియనిదా అని ఎత్తిపొడిచాడు.

"వదిలేసింది," అంది బెర్నదెట్. "అదే పుస్తకంలో ఆడా మగా సమానమనీ ఉంది. తొమ్మిదేళ్ల కిందట దేశమంతా ఓటేసి రాయించింది. ఒటిలియా కూడా వేసింది."

"రెండూ ఉన్నప్పుడు మాకు నచ్చింది మేం పట్టుకుంటాం."

"అలా పట్టుకునేందుకు లేదు ఆల్బెర్ట్. మన కాంటన్ రాజ్యాంగం మనమే రాసుకుంటాం, సరే. రాజధాని బెర్న్‌కు పంపి, పై రాజ్యాంగానికి అడ్డు రాదని అనిపించుకుంటేనే అది చెల్లుతుంది. పైగా మన పుస్తకంలో మగవాళ్లని ఎక్కడుందో చూపించు. ఈ నేల ప్రజలు అని ఉంది, అంతే."

"ప్రజలంటే ఎవరో మా తాతకు తెలుసు," అన్నాడు బ్రోగర్. కత్తి నడుముకు తగిలించుకుని వెళ్లిపోయాడు.

ఒటిలియా దారం కొరికి తెంపింది. ఆమెకు ఒళ్లు మండేది ఒకే ఒక్క విషయానికి. దేశం మొత్తానికి సంబంధించిన ఓటు ఆమెకు ఎప్పుడో వచ్చింది. కిందటి నవంబరులో ఈ దేశానికి అసలు సైన్యం ఉండాలా వద్దా అని అడిగితే వెళ్లి ఓటు వేసి వచ్చింది. సైన్యం ఉండాలో వద్దో చెప్పగల మనిషి, తన ఇంటి ముందు రోడ్డు గురించి నోరెత్తకూడదు. మార్చమని అడుగుదామంటే, మార్చే అధికారం బరిలో నిలబడ్డవాళ్లదే. తలుపు లోపలి నుంచే తీయాలి. లోపలున్నవాళ్లు తీయరు. ఇదేం న్యాయమో ఆమెకు బోధపడలేదు, బోధపరుచుకోవాలనీ లేదు. బరిలో నిలబడాలి, అంతే.

రాత్రి భోజనం దగ్గర అత్తగారు ఫిలొమెనా ఎప్పటిలాగే కొడుక్కి పాఠం చెప్పింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. కుట్టుపని చేసీ చేసీ వేళ్లు వంకర్లు పోయాయి గానీ నోరు ఏమాత్రం వంగలేదు. శనివారం బల్ల దగ్గర చెబితే చాలు, ఆదివారం మగవాడు అలాగే చెయ్యెత్తుతాడన్నది ఆమె సిద్ధాంతం. ఓటు కావాలని తిరిగే ఆడవాళ్లకు ఇంట్లో మాట చెల్లదు కాబట్టే వీధిన పడ్డారని ఆమె నమ్మకం.

"పై లోయ రోడ్డు వెడల్పు చేస్తారట. మన గడ్డిమడి అంచు పోతుంది. వద్దను," అంది కొడుకుతో. "మీ నాన్నకు నలభై ఏళ్లు ఇలాగే చెప్పి పంపాను. ఒక్కసారి తప్పలేదు."

"సరేనమ్మా," అన్నాడు ఎమిల్.

"ఆ ఆడవాళ్ల ఓటు సంగతి మీ మొగుడూ పెళ్లాలు చూసుకోండి. నేనైతే వద్దంటాను. మీ ఆవిడ మాట నువ్వు వినక తప్పదు కదా."

ఎమిల్ చీజు మాకరోనీలో ఆపిల్ గుజ్జు కలుపుకుంటూ భార్య వైపు చూసి, అవునని తల ఊపాడు. కావాలనే చెయ్యెత్తుతానని చాలా రోజులుగా ఇస్తున్న మాటే అది. మెత్తటి మనిషి, అబద్ధమాడే మొహం కాదు. ఒటిలియా అతన్ని నమ్మింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక బాజాలతో ఊరేగింపు చదరానికి వచ్చింది. నల్ల అంగీల్లో కాంటన్ పెద్దలు చెక్క వేదిక ఎక్కారు. తాడు కట్టిన బరిలోకి మగవాళ్లు కత్తులు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతుండగా దూరి సర్దుకున్నారు. చదరానికి ఎదురుగా ఉన్న బేకరీ మేడ కిటికీ దగ్గర ఒటిలియా చోటు పట్టింది. పక్కన కుర్చీలో ఫిలొమెనా.

అత్తగారు సభ చూడటానికి రావడం అదే మొదలు. ఏటా ఆ వేళకు ఇంట్లో పులుసు కాస్తూ ఉండేది. ఈ ఏడు రోడ్డుకు చెయ్యెత్తే పొరుగువాళ్లెవరో తన కళ్లతో చూసుకుంటే, ఎవరికి దండం పెట్టడం మానాలో తెలుస్తుందని బయల్దేరింది. పనిలో పనిగా తేనె రొట్టె ముక్క ఒకటి రుమాల్లో కట్టి తెచ్చుకుంది.

ఎమిల్ తండ్రి నిలబడే చోటే నిలబడ్డాడు, బేకరీ వైపు మూలన, తాడుకు దగ్గరగా. పక్కన బ్రోగర్. కిటికీ నుంచి రాయి విసిరితే తగిలేంత దూరం. అతను మాత్రం పైకి చూడలేదు. వేళ్లెత్తి ప్రమాణం చేసేటప్పుడు అందరిలోకీ గట్టిగా చేసినట్టు కనిపించాడు.

రోడ్డు మాట ముందుగా వచ్చింది. కావాలనేవాళ్లు చేతులెత్తండి అన్నాడు అధ్యక్షుడు. బరిలో చేతులు లేచాయి. వాటిలో ఎమిల్‌ది ఒకటి.

ఫిలొమెనా ముందుకు వంగింది. "వాడు కాదు," అంది. "ఎవరో వాడిలా ఉన్నాడు." కాసేపు చూసి, వెనక్కి జారగిలబడింది. "ఆ కోటు కుట్టింది నేనే," అంది మెల్లగా.

ఒటిలియాకు ఆ క్షణాన అత్తగారి మీద జాలి కలగలేదు. రోడ్డు దగ్గర తల్లిని కాదన్న మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి నిలబడతాడనే అనుకుంది. పెళ్లాం మాట వింటాడు కాబట్టే తల్లి మాట వినలేదేమోనని లోపల కొంచెం గర్వం కూడా తోచింది. అంత వెర్రిది ఆశ.

ఆడవాళ్ల సంగతి వచ్చేసరికి చదరం చప్పబడింది. ఒకరిద్దరు మాట్లాడారు. బెర్నదెట్ తమ్ముడు కావాలని నాలుగు మాటలు చెబుతుంటే వెనక నుంచి ఎవరో ఈల వేశారు. తర్వాత అధ్యక్షుడు అడిగాడు. కావాలనేవాళ్లు.

అక్కడో చెయ్యి, ఇక్కడో చెయ్యి. ఎమిల్ చేతులు ముందు కట్టుకుని నేల చూస్తున్నాడు.

వద్దనేవాళ్లు.

చదరమంతా చేతులే. బ్రోగర్ చెయ్యి అందరికన్నా ముందు లేచింది. ఎమిల్ అటు చూశాడు. భుజం కాస్త కదిలింది, మోచేయి వంగింది, మెల్లగా చెయ్యి పైకి వెళ్లి మిగిలినవాటిలో కలిసిపోయింది. లెక్కపెట్టాల్సిన పనే పడలేదు. అధ్యక్షుడు ఒకసారి కళ్లతో కొలిచి ఫలితం చెప్పేశాడు. కిందనుంచి చప్పట్లు వినిపించాయి.

ఒటిలియా కిటికీ చట్రాన్ని గట్టిగా పట్టుకుంది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. ఓడిపోయినందుకు సిగ్గు కాదు. ఎదురుగా ఉండి చూస్తున్నా ఆ చేతిని ఆపలేకపోయినందుకు. ఫిలొమెనా రుమాలు మూట విప్పకుండానే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇంటికి వచ్చి సాసేజ్‌లు ఉడకబెట్టి బల్ల మీద పెట్టారు. ఎమిల్ కత్తి తీసి గోడకు తగిలించి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. వీళ్లిద్దరూ బేకరీ మేడ ఎక్కిన సంగతి అతనికి తెలియదు. ఇంట్లో ఉన్నారనే అనుకున్నాడు.

"మళ్లీ పోయింది," అన్నాడు భార్యతో, నిజంగానే బాధగా. "నేనైతే ఎత్తాను. ఒక్క చెయ్యితో ఏమవుతుంది?"

ఒటిలియా పళ్లెంలో సాసేజ్ కోస్తూ తల ఎత్తలేదు.

"మరి రోడ్డు?" అని అడిగింది ఫిలొమెనా.

"వద్దన్నానమ్మా. కానీ నెగ్గింది."

అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకరి మనసు ఒకరికి అర్థమైన సందర్భం అదే మొదటిది. ఫిలొమెనా కొడుకు పళ్లెంలో ఇంకో సాసేజ్ వేసి, తిను అంది.

సోమవారం పొద్దున్నే బెర్నదెట్ అంగడికి వచ్చింది. ఇక చదరంతో పని లేదని చెప్పింది. లోజాన్‌లోని సమాఖ్య న్యాయస్థానానికి అర్జీ పెడుతున్నారు. ఈ కాంటన్ రాజ్యాంగాన్ని అందరికన్నా పై రాజ్యాంగం ఎదుట నిలబెట్టి చదవమని అడుగుతున్నారు. బుధవారం బడి ఒంటిపూటే కాబట్టి మధ్యాహ్నం తన ఇంట్లో సంతకాలు. కావలసినవాళ్లు రావచ్చు. బలవంతం లేదు, ఎందుకంటే పెట్టినవాళ్ల పేర్లు మర్నాటికల్లా ఊరికి తెలుస్తాయి.

"నా పేరు ఊరికి తెలిసే ఉంది," అంది ఒటిలియా. "వస్తాను."

బెర్నదెట్ ఇంకా గుమ్మం దాటకముందే బ్రోగర్ ఊడిపడ్డాడు. నిన్న తోపులాటలో ఎవరో తొక్కితే ఒర కొసన తొడుగు ఊడిపోయిందట. బల్ల మీద కత్తి పెట్టి, వచ్చే ఏటికి తొందరేం లేదులే అని ఉదారంగా అన్నాడు. ఒటిలియా కత్తిని చేత్తో ముట్టుకోకుండా, ఆరె కొసతో అతని వైపు జరిపింది.

"ఇక నుంచి నేను పోలేని బరిలోకి పోయే కత్తికి నేను ఒర కుట్టను."

"అదేంటి వదినా, అలిగావా?"

"అలిగితే రెండు రోజుల్లో తీరిపోతుంది. ఇది అలాంటిది కాదు. అందరికీ చెప్పు."

"నువ్వు కుట్టకపోతే ఊళ్లో ఇంకెవరున్నారు?"

"కొండ అవతల అవుసర్‌రోడెన్ వాళ్ల హెరిజావులో ఒకడున్నాడుగా. తీసుకుపో. నిన్న వాళ్ల బరిలో ఆడవాళ్లు కూడా నిలబడ్డారట. ఇన్నర్‌రోడెన్ కత్తి అక్కడ బాగు చేయించుకుంటే నీకు బాగా ఉంటుంది."

బ్రోగర్ మొహం ఎర్రబడింది. ఆ ప్రొటెస్టెంట్ల చేతికి కేథలిక్ తాత కత్తి ఇవ్వడమా. లోజాన్ సంగతి తను విన్నానని, సొంత కాంటన్‌ను ఫ్రెంచి మాట్లాడే జడ్జీల ముందుకు ఈడ్చినవాళ్ల అంగట్లో ఈ లోయలో ఒక్క ఆవుపట్టీ కూడా ఎవరూ కుట్టించుకోరని, అన్నయ్యతో ఆలోచించుకోమని చెప్పి, కత్తి చంకన పెట్టుకుని పోయాడు.

వెనక గదిలో ఎమిల్ అంతా విన్నాడు. తడి తోలు చేతిలోనే పట్టుకుని వచ్చి, నీకేమైంది, వాడితో పెట్టుకుంటే బతకగలమా అన్నాడు. సంతకం ఊసెత్తవద్దని, అమ్మకు తెలిస్తే మంచం పడుతుందని చెప్పుకొచ్చాడు.

"నిన్న బేకరీ మేడ మీద ఉన్నాం," అంది ఒటిలియా. "నేనూ, మీ అమ్మా."

ఎమిల్ తోలు బల్ల మీద పెట్టాడు. తర్వాత మళ్లీ తీసుకున్నాడు.

"ఈ ఇంట్లో అవుననడం తేలిక," అన్నాడు చివరికి. "అక్కడ బ్రోగర్ భుజం నా భుజానికి ఆనుకుని ఉంటుంది. అటు పాలకేంద్రం వాళ్లు, ఇటు గుర్రాల వాళ్లు. అందరూ మన దగ్గర పని చేయించుకునేవాళ్లే. చెయ్యి లేవలేదు ఒటిలియా. వద్దనేవాళ్లు అనగానే అదే లేచింది."

"నీ చెయ్యి నీ మాటే వినకపోతే, నా మాట వింటుందని నేనెందుకు నమ్మాలి?"

"వచ్చే ఏడు..."

"వచ్చే ఏడు కూడా బ్రోగర్ అక్కడే ఉంటాడు." ఆమె ఆరె బల్ల మీద పెట్టింది. "నువ్వు చెడ్డవాడివని నేననడం లేదు. నువ్వు భయపడ్డావు. భయపడితే నా ఓటుతో పడకు, నీ ఓటుతో పడు. నాది నాకివ్వు."

ఆ రోజంతా అంగట్లో ఒకరితో ఒకరు మాట్లాడకుండా పని చేశారు. మంగళవారం పట్టీలకు వస్తానన్న ఇద్దరు రైతులు రాలేదు. అప్పుడే మొదలైందన్నమాట. ఫిలొమెనా ఈ గొడవంతా పట్టనట్టు కిటికీ దగ్గర కూర్చుని రుమాలు అంచు కుట్టుకుంటూనే ఉంది, కాకపోతే రెండు రోజుల నుంచి కొడుక్కి ఏ పనీ చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం ఒటిలియా పని బట్టలు మార్చుకుని, ఎక్కడికి పోతున్నదీ దాచకుండా చెప్పి బయల్దేరింది. ఎమిల్ తల ఊపాడు. అత్తగారి కుర్చీ ఖాళీగా ఉంది. చర్చికి పోయి ఉంటుంది, తన మొహం చూడలేక పోయి ఉంటుందని ఒటిలియా అనుకుంది. వీధిలో ఇద్దరు ఆడవాళ్లు ఆమెను చూసి అవతలి వైపుకు దాటారు. వాళ్ల కాపురాలు వాళ్లవి. ఒటిలియా మాత్రం వీధి నడిమధ్యనే నడిచింది.

బెర్నదెట్ వంటింట్లో పదిమంది దాకా ఉన్నారు. ఆడవాళ్లే ఎక్కువ, మగవాళ్లు ఇద్దరో ముగ్గురో. కాఫీ తాగుతున్నారు, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఒటిలియా కుర్చీ లాక్కుని కూర్చుని, అడగకుండానే కలం అందుకుని సంతకం పెట్టింది. కుట్టు బిగించినంత గట్టిగా పెట్టింది. కింది కాగితం మీద కూడా అచ్చు పడిందని బెర్నదెట్ నవ్వింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఫిలొమెనా. ఆదివారం తొడుక్కునే నల్ల గౌను, మెడలో వెండి గొలుసు, చేతిలో కర్ర. మెట్లెక్కి వచ్చినందుకు ఆయాసపడుతోంది. కోడల్ని జుట్టు పట్టి లాక్కుపోవడానికి వచ్చిందనే అందరూ అనుకున్నారు. ఒటిలియా కూడా అదే అనుకుని లేచి నిలబడింది.

"అత్తయ్యా, పెట్టేశాను. మీరిక ఏమన్నా లాభం లేదు."

"నీతో నాకు పని లేదు," అంది ఫిలొమెనా. కర్ర ఆనించుకుంటూ వచ్చి కోడలు లేచిన కుర్చీలో కూర్చుంది. "ఏదీ, ఎక్కడ పెట్టాలి?"

బెర్నదెట్ తడబడింది. ముసలామెకు పొరపాటుగా అర్థమైందేమోనని నెమ్మదిగా చెప్పింది. "ఫిలొమెనమ్మా, ఇది ఆడవాళ్లకు కాంటన్‌లో ఓటు కావాలని లోజాన్‌కు పెట్టుకునే అర్జీ."

"నాకు చదువొచ్చు. ఆడవాళ్లకు ఓటెందుకని నేను ఇప్పటికీ అంటాను. లోజాన్ వాళ్లు ఇచ్చినా, బరిలోకి పోయి మళ్లీ అడిగితే వద్దనే చెయ్యెత్తుతాను. ఇక్కడున్న మీ అందరి ఎదుటా ఎత్తుతాను." కలం మూత తీయడానికి వంకర వేళ్లతో తంటాలు పడింది. ఒటిలియా సాయం చేయబోతే చెయ్యి పక్కకు లాక్కుంది. "కానీ ఆ వద్దు నేను చెప్పుకుంటాను. ఇంకొకడి చేతికిచ్చి పంపను."

ఎవరూ నవ్వలేదు. ఆమె పేరు రాయడం మొదలుపెట్టి, సగంలో ఆగింది.

"మీ మామగారికి నలభై ఏళ్లు శనివారం చెప్పి పంపాను," అంది కోడలితో, కాగితం మీదనుంచి తల ఎత్తకుండానే. "ఆదివారం వచ్చి, నువ్వు చెప్పినట్టే చేశాననేవాడు. నమ్మాను. ఆయన ఏం ఎత్తాడో ఇప్పుడెవర్ని అడగను?"

ఒటిలియా వంగి, కాగితం జరగకుండా అంచు పట్టుకుంది. ఈసారి ముసలామె ఆ చెయ్యి తీసేయమనలేదు. మిగిలిన సగం పేరు కూడా రాసింది.